‘ఆపరా మామా’ అనడానికి ఎంత ఖర్చవుతుంది?

మా కాలేజీ క్యాంటీన్లో టీ ఇచ్చే ఒకాయన ఉండేవాడు. అసలు పేరు ఎవరికీ సరిగ్గా తెలీదు, అందరం బాబాయ్ అనేవాళ్లం. నేను సెకండియర్‌లో ఉండగా ఒక మధ్యాహ్నం సీనియర్లు నలుగురు ఒక ఫస్టియర్ అమ్మాయిని తమ టేబుల్ దగ్గర నిలబెట్టి, తమలో ఒకడికి ప్రపోజ్ చెయ్యమని పట్టుబట్టారు. ఆ అమ్మాయి మొదట నవ్వింది. కాసేపటికి నవ్వడం ఆపేసింది. ఒకడు చున్నీ కొస పట్టుకున్నాడు. చుట్టూ నలభై మందిమి ఉంటాం. కొందరు సమోసా తింటున్నారు, కొందరు చూస్తున్నారు, నాలాంటివాళ్లు కొందరు నవ్వుతున్నారు కూడా. బాబాయ్ గ్లాసుల ట్రే తెచ్చి సరిగ్గా వాళ్లకీ ఆ అమ్మాయికీ మధ్య ఠప్పుమని పెట్టాడు. “అమ్మా, ఫీజు రసీదేదో తేడా వచ్చిందంట, ఆఫీసులో నీకోసం అడుగుతున్నారు, తొందరగా వెళ్లు” అన్నాడు. ఆ అమ్మాయి వెళ్లిపోయింది. ఆఫీసులో ఎవరూ అడగలేదని అక్కడున్న అందరికీ తెలుసు. సీనియర్లు టీ తాగి లేచారు. అంతే జరిగింది.

ఇప్పుడు అమెరికా, ఇంగ్లండ్ యూనివర్సిటీల్లో సరిగ్గా ఇదే పనిని పాఠంగా చెబుతున్నారు. పక్కనున్నవాళ్లు వేధింపును ఎలా అడ్డుకోవచ్చో నేర్పే శిక్షణల్లో దృష్టి మళ్లించడం ఒక పద్ధతి. వేధించేవాడితో వాదన పెట్టుకోనక్కర్లేదు, నీతులు చెప్పనక్కర్లేదు, వాడి ఊపు తప్పిస్తే చాలు. బాబాయ్ ఏ వర్క్‌షాప్‌కీ వెళ్లినవాడు కాదు.

క్యాంపస్‌లో ఏదైనా ఘోరం జరిగిన ప్రతిసారీ మనవాళ్లు రెండు ప్రశ్నలు వేస్తారు. ఆ అమ్మాయి ముందే ఎందుకు చెప్పలేదు? చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు ఆపలేదు? మొదటి ప్రశ్న అడగకూడదని ఇప్పుడిప్పుడే కొంతమందికి తెలిసివస్తోంది. రెండోది మాత్రం ఇంకా తిట్టుగానే నడుస్తోంది. టీవీ చర్చల్లో అయితే మానవత్వం మంటగలిసిపోయింది అనేసి బ్రేక్‌కి వెళ్లిపోతారు. ఈ తిట్టు మీద నాకు నమ్మకం లేదు. ఆ రోజు నేను నవ్వింది మానవత్వం లేక కాదు, లెక్క వేసుకుని. ‘వదిలెయ్యండన్నా’ అంటే ఏమవుతుందో అర సెకనులో లెక్క తేలిపోయింది. సాయంత్రం హాస్టల్లో నాకు క్లాసు పడుతుంది, వాళ్ల రికార్డులు నేను రాయాలి, ‘హీరో’ అన్న పేరు నాలుగేళ్లూ వెంటపడుతుంది. నవ్వితే ఏ ఖర్చూ లేదు. ఆ టేబుల్ దగ్గరే కూర్చుని, చున్నీ పట్టుకున్నవాడి భుజం మీద చెయ్యి వేసుకుని ఉన్న మిగతా ముగ్గురికైతే లెక్క ఇంకా సులువు. వాళ్లలో ఒక్కడు ‘ఆపరా మామా’ అని ఉంటే బాబాయ్ ట్రేతో పనే ఉండేది కాదు.

నేను చెప్పదలుచుకుంది ఆ ముగ్గురి గురించి, ఆ మాటకు మన కాలేజీలు కట్టిన ధర గురించి.

చుట్టూ ఉన్నవాళ్ల మౌనం మీద మనస్తత్వ శాస్త్రంలో ఎక్కువగా చెప్పుకునే ప్రయోగాలు 1968లో న్యూయార్క్‌లో బిబ్ లటానే, జాన్ డార్లీ చేసినవి. తమాషా ఏమిటంటే అవి కూడా కాలేజీ విద్యార్థుల మీద చేసినవే. ఒకదానిలో విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, కాలేజీ జీవితంలో కష్టాల గురించి మైకులో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒక గొంతు తనకు మూర్ఛ వస్తోందని, సాయం చెయ్యమని అడుగుతుంది. అది ముందే రికార్డు చేసినది. తానొక్కడే వింటున్నానని అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోపే లేచి వెళ్లి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవాళ్లలో చెప్పింది 31 శాతమే. ఇంకో ప్రయోగంలో గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది బయటికి వచ్చి చెప్పారు. పక్కన ఇద్దరు మనుషులు ఏమీ పట్టనట్టు కూర్చుని ఉంటే మాత్రం పదిమందిలో ఒక్కడు చెప్పాడు. మిగతావాళ్లు కళ్లు నులుముకుంటూ, చేత్తో పొగ తోసుకుంటూ కాగితాలు నింపుతూ కూర్చున్నారు.

వాళ్లకు భయం లేక కాదు. పక్కవాడి మొహం చూశారు, వాడు తొణకలేదు, అయితే ఇది ప్రమాదం కాదేమో అనుకున్నారు. ఆ పక్కవాడు నిజానికి ప్రయోగంలో భాగం, నటిస్తున్నాడు. మా క్యాంటీన్లో నటించేవాళ్లెవరూ లేకుండానే నలభై మందిమి ఒకరి మొహం ఒకరం చూసుకుని, ‘ఓహో, ఇది జోకే’ అని తేల్చేసుకున్నాం. నా నవ్వు ఇంకెవరికో ధైర్యమిచ్చి ఉంటుంది. నవ్వడానికి.

ఈ పరిశోధనకు కారణమైన సంఘటన కథ ఇంకోలా ఉంది. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ అనే యువతి హత్య జరిగితే, 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ లెక్క చాలా పెంచి చెప్పినదని తర్వాత తేలింది, 2016లో ఆ పత్రికే తన పాత కథనంలో తప్పులున్నాయని ఒప్పుకుంది. ఈమధ్య ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల సీసీ కెమెరాల్లో దొరికిన 219 గొడవలను పరిశోధకులు చూస్తే, పదింటిలో తొమ్మిదింటిలో కనీసం ఒక్కరైనా అడ్డం వెళ్లారు. జనం పెరిగేకొద్దీ ఎవరో ఒకరు కలగజేసుకునే అవకాశం కూడా పెరిగింది. అంటే జనం రాళ్లు కారు. నడిరోడ్డు మీద ముక్కూమొహం తెలియనివాళ్లు కొట్టుకుంటుంటే ఎవరో ఒకరు వెళ్తారు.

క్యాంపస్ నడిరోడ్డు కాదు, అక్కడే వస్తుంది చిక్కంతా. ఇక్కడ వేధించేవాడు క్లాస్‌మేటో సీనియరో సారో, రేపు మళ్లీ అదే బస్సులో, అదే ల్యాబ్‌లో, అదే వాట్సాప్ గ్రూపులో ఎదురుపడేవాడు. పైగా కత్తి కనిపించదు, కేక వినిపించదు. చెయ్యి పట్టుకుని లాగినా ‘వాళ్లిద్దరికీ ఏదో ఉందేమోలే’ అనిపిస్తుంది. వద్దన్న అమ్మాయి వెంటపడి ఒప్పించడాన్ని ప్రేమగా చూపించిన సినిమాలు చూస్తూ పెరిగిన తరాలం కదా, ఏది వేధింపో ఏది లవ్వో తేల్చుకునేలోపు బస్సు స్టాప్ వచ్చేస్తుంది.

2008 డిసెంబర్లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. ఒకమ్మాయి ఆ నెలాఖరున చనిపోయింది. దాడి జరిగిన కొద్ది రోజుల్లోనే నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్లో చనిపోయారు. మిఠాయిలు పంచారు, పోలీసులకు పూలదండలు వేశారు. ఎన్‌కౌంటర్ మంచిచెడ్డలు పక్కన పెడదాం. నాకు అప్పటినుంచీ తొలిచే సంగతి ఒకటుంది: నిందితులు ముగ్గురు. పోలీసులు చెప్పిన ప్రకారం పగ ఒకడిది, మిగతా ఇద్దరూ స్నేహితులు. కోర్టు విచారణే జరగలేదు కాబట్టి అసలేం జరిగిందో మనకెప్పటికీ పూర్తిగా తెలియదు. కానీ పోలీసుల కథనాన్నే నమ్మితే, యాసిడ్ సీసా కంటే ముందు ఎన్నో సాయంత్రాలు, ఎన్నో టీలు, ‘దాని సంగతి చూస్తా మామా’ అన్న మాటలు ఎన్నో ఉండి ఉండాలి. ఆ మాట విని నవ్వినవాళ్లు, ఊరుకున్నవాళ్లు, ‘పద నేనూ వస్తా’ అన్నవాళ్లు ఉండి ఉండాలి. మొదటి సాయంత్రమే ‘పిచ్చి పట్టిందా నీకు’ అనగలిగిన చనువు భూమ్మీద ఎవరికైనా ఉంటే ఆ స్నేహితులకే ఉంటుంది.

2021 ఆగస్టు 15న గుంటూరులో బీటెక్ చదువుతున్న ఒక దళిత యువతిని పట్టపగలు రోడ్డు మీద కత్తితో పొడిచి చంపాడొకడు. ఆ దృశ్యం సీసీ కెమెరాలో రికార్డయింది, దేశమంతా చూసింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు వాడికి మరణశిక్ష విధించింది. ఆ వీడియో కింద కామెంట్లన్నీ ఆ రోడ్డు మీద ఉన్నవాళ్లను తిట్టినవే. కత్తి బయటికి వచ్చాక, ఆ కొన్ని క్షణాల్లో, ఎవరో దారిన పోయేవాణ్ణి ప్రాణాలకు తెగించమని ఫోన్లో చూస్తున్న నేనెలా అడగను? వెళ్తే దండం పెడతాను, వెళ్లకపోతే తిట్టను. అడగాల్సిన చోటు అంతకు చాలా ముందే దాటిపోయి ఉంటుంది.

మహాభారత కథలో ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చినప్పుడు పెద్దలంతా తలలు దించుకుంటే, లేచి ఇది అధర్మం అన్నది దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడు. గమనించండి, మాట్లాడింది బయటివాడు కాదు, వాళ్ల గ్యాంగులో కుర్రవాడే. అతన్ని కసిరి కూర్చోబెట్టినవాడు కర్ణుడు. కర్ణుడు మనకు హీరో, పిల్లలకు పేరు పెట్టుకుంటాం, వెండితెర మీద కన్నీళ్లు పెట్టుకుంటాం. వికర్ణుడి పేరు పెట్టుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. స్నేహితుడు తప్పు చేసినా వెంట నిలబడినవాడే గొప్పవాడన్న లెక్క మన రక్తంలో ఎంత పాతుకుందో చెప్పడానికి నాకింతకంటే దగ్గరి ఉదాహరణ దొరకలేదు. హాస్టల్ భాషలో దీన్నే ‘మనోడు’ అంటారు. మనోడు అన్న మాటలోకి కులం వస్తుంది, ఊరు వస్తుంది, విద్యార్థి సంఘం వస్తుంది, ఒకే రూమ్‌లో పంచుకున్న ఆవకాయ సీసా వస్తుంది.

ఇప్పుడీ టేబుల్ ఫోన్లోకి మారింది. అబ్బాయిలు మాత్రమే ఉండే క్లాస్ గ్రూప్ ఒకటి దాదాపు ప్రతి సెక్షన్‌కీ ఉంటుంది. అందులో ఒకడు ల్యాబ్‌లో వంగి ఉన్న అమ్మాయి ఫొటో పెడతాడు. ఇద్దరు స్టిక్కర్లు పెడతారు. అరవై మంది చూస్తారు, చూసినట్టు నీలం టిక్కులు పడతాయి. ఫొటో పెట్టినవాడికి ఆ అరవై టిక్కులూ ఓట్లే. ‘డిలీట్ చెయ్‌రా’ అన్నవాడికి వెంటనే ‘నీ చెల్లా?’ అని జవాబు వస్తుంది. ఈ రెండు ముక్కల ప్రశ్నలో మన మగపిల్లల నీతిశాస్త్రం మొత్తం ఉంది: చెల్లో లవరో అయితేనే అడిగే హక్కు, లేకపోతే నీకేం పని. పబ్లిక్‌గా అనలేనివాడు కనీసం వాడికి విడిగా ‘అది తీసెయ్, కేసయితే నువ్వే ఇరుక్కుంటావు’ అని ఒక మెసేజ్ పెట్టొచ్చు. మర్యాద కాపాడుకుంటూ తీసేసే దారి దొరికితే చాలామంది తీసేస్తారు. ఇది పెద్ద వీరత్వమేమీ కాదు. అయినా ఆ ఫొటో మూడో గ్రూపుకు పోకుండా ఆగుతుంది.

మరి దీనికి ట్రైనింగ్ ఇస్తే మారతారా అంటే, కొంత. అమెరికాలో న్యూ హాంప్‌షైర్, కెంటకీ యూనివర్సిటీల్లో రెండు దశాబ్దాల క్రితమే ఇలాంటి శిక్షణలు మొదలయ్యాయి. ప్రభుత్వ నిధులు తీసుకునే కాలేజీలు కొత్తగా చేరినవాళ్లకు దీని గురించి చెప్పి తీరాలని 2013లో చట్టమే వచ్చింది. ఏటా ఆగస్టులో విమానమెక్కే మన తెలుగు పిల్లల్లో చాలామంది ఈ ఆన్‌లైన్ కోర్సును నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పూర్తిచేసినవాళ్లే. 2019లో ఈ శిక్షణల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్ష ఇలా తేల్చింది: శిక్షణ పొందినవాళ్లు తర్వాతి నెలల్లో నిజంగానే ఎక్కువసార్లు కలగజేసుకున్నారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ ఊపు తగ్గింది. శిక్షణ తీసుకున్నవాళ్లు తామే లైంగిక హింసకు పాల్పడటం తగ్గిందనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. అంటే ఒక్క సెమినార్‌తో వేధించేవాడు మారడు. పక్కవాడు కొంతకాలం మారతాడు, మళ్లీ మళ్లీ చెబుతుంటేనే నిలబడతాడు.

మన దగ్గర ఆ ఒక్క సెమినార్ కూడా ఎలా జరుగుతుందో తెలుసు కదా. మహిళా దినోత్సవం నాడు ఫ్లెక్సీ కడతారు. సీఐ గారికి బొకే ఇస్తారు. ఆయన అమ్మాయిలను జాగ్రత్తగా ఉండమంటారు, యాప్ డౌన్‌లోడ్ చేసుకోమంటారు. అబ్బాయిలకు ఆ పీరియడ్ సెలవు. ఎవరికి చెప్పాలో వాళ్లు గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతుంటారు.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 2015 జనవరిలో ఒక రాత్రి జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. సైకిళ్ల మీద వెళ్తున్న ఇద్దరు స్వీడన్ విద్యార్థులు, చెత్తకుండీ వెనక స్పృహలో లేని యువతి మీద ఒకడు దాడి చేయడం గమనించి ఆగారు. వాడు పారిపోతుంటే వెంటపడి పట్టుకున్నారు. ఆ అమ్మాయి తర్వాత కోర్టులో చదివిన లేఖలో, రెండు సైకిళ్ల బొమ్మ గీసి తన మంచం పైన అంటించుకున్నానని చెప్పింది. చదివిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. కానీ ఆ ఉదాహరణతో మన పిల్లలకు పాఠం మొదలుపెట్టడం నాకిష్టం లేదు. అది అపరిచితుల సాహసం. దాన్ని చూపిస్తే వాళ్లకు మళ్లీ సినిమా ఫైటే గుర్తొస్తుంది, తమవల్ల కాదని పక్కకు పెడతారు.

ధర సంగతికి వస్తాను. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చడానికి ఒకప్పుడు జనం భయపడేవాళ్లు, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందని. సుప్రీంకోర్టు 2016లో కలగజేసుకుంది, 2019లో మోటారు వాహనాల చట్టంలో కొత్త సెక్షన్ చేర్చి సాయం చేసినవాడికి రక్షణ ఇచ్చారు. మంచితనం మీద ఉపన్యాసాలు ఇవ్వకుండా దాని ఖర్చు తగ్గించే ప్రయత్నం చేశారు. క్యాంపస్‌లో వేధింపును అడ్డుకున్న విద్యార్థికి అలాంటి ప్రత్యేక రక్షణ లేదు. ఇంకొకరి శరీరాన్ని కాపాడటానికి అవసరమైన మేరకు అడ్డుకునే హక్కు భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్లో ఉంది నిజమే. కానీ ఆ సెక్షన్ కోర్టులో పనికొస్తుంది, సెమిస్టర్ ఇంటర్నల్స్‌లో పనికిరాదు.

క్యాంపస్‌లో లైంగిక వేధింపుల మీద యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2015 నాటి నిబంధనలు చదివితే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. అవి 2016లో గెజిట్‌లో వచ్చాయి. ప్రతి విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ, అందరూ ఐసీసీ అనేది, ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదు అయితే అందులో ముగ్గురు విద్యార్థులు, అదీ ఎన్నికైనవాళ్లు, ఉండాలి. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీ లాంటివాళ్లు ఉండకూడదు. సాక్షులను ఎవరూ సతాయించకుండా చూసే బాధ్యత కమిటీదే. ఫిర్యాదును రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారు మీద చర్య తీసుకోకూడదు. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్లకు అబ్బాయిలకు లేని ఆంక్షలు పెట్టకూడదని కూడా అందులో ఉంది! మీ పిల్లలు చదివే కాలేజీలో ఆ ముగ్గురు విద్యార్థి సభ్యులు ఎవరో, వాళ్లకు ఎన్నిక ఎప్పుడు జరిగిందో ఒకసారి అడిగి చూడండి. ప్రిన్సిపాల్ గారికి నచ్చిన క్లాస్ టాపర్ల పేర్లు చెబితే అదే గొప్ప.

ఒక చిక్కు ఆ నిబంధనల్లోనే ఉంది. ర్యాగింగ్ మీద హెల్ప్‌లైన్‌కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. లైంగిక వేధింపు మీద ఐసీసీకి ఫిర్యాదు ఇవ్వాల్సింది బాధితురాలే, అదీ మూడు నెలల్లోపు, రాతపూర్వకంగా. శారీరకంగానో మానసికంగానో ఆమె ఇవ్వలేని స్థితిలో ఉంటేనో, చనిపోతేనో స్నేహితులు, తోటి విద్యార్థులు ఇవ్వొచ్చు. అంటే చూసినవాడు మాట్లాడాలంటే ఆమె కూలిపోయేదాకా ఆగాలి. అలాగని ఎవరు పడితే వాళ్లు ఫిర్యాదు పెట్టేయొచ్చని నేను అనను. మన ఇళ్ల సంగతి తెలిసిందే. విషయం ఇంటికి తెలిస్తే వేధించినవాడి చదువు ఆగదు, ఈ పిల్ల చదువు ఆగుతుంది, వచ్చే మాఘమాసంలో పెళ్లి అవుతుంది. ఆమెను అడగకుండా ఆమె తరఫున హడావుడి చేసే స్నేహితుడు కూడా ఒక రకం దెబ్బే కొడతాడు. ‘నేను చూశాను, నీకేం కావాలి?’ అని ముందు ఆమెనే అడగాలి. ఆమె వద్దంటే ఫిర్యాదు ఆగాలి, తోడుండటం ఆగక్కర్లేదు. అయితే చూసినవాడు తాను చూసింది తేదీ, చోటుతో రాసి కమిటీ దగ్గర ఉంచే దారి ఒకటి ఉండాలి. ఆమె పేరు మీద కేసు తెరవకుండా, రేపు ఆమె వస్తే పనికొచ్చేలా. వేధించిన ఒకడి పేరు మీదే అలాంటి నాలుగు కాగితాలు చేరితే కమిటీకి కళ్లు తెరుచుకోవా?

సాక్షి మాట ఎందుకు ఇంతగా అంటున్నానంటే, 2015 జూలైలో నాగార్జున యూనివర్సిటీ హాస్టల్లో ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఆత్మహత్య చేసుకుంది. ర్యాగింగ్, లైంగిక వేధింపుల ఆరోపణల మీద రాష్ట్రం అట్టుడికింది, విచారణ కమిటీ వేశారు. తొమ్మిదేళ్ల తర్వాత 2024లో గుంటూరు కోర్టు ఆధారాలు చాలవని కేసు కొట్టేసింది. ఎవరు దోషులో ఎవరు కాదో చెప్పే అర్హత నాకు లేదు. ఇలాంటి కేసులు నిలబడాలన్నా వీగిపోవాలన్నా సాక్షులు తోటి విద్యార్థులేనన్నది మాత్రం మామూలు సంగతి. డిగ్రీ చేతికి రావాలి, క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఉంది, వీసా ఉంది. తొమ్మిదేళ్లలో వాళ్లు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉంటారో! సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు 2018లోనే ఆమోదం తెలిపింది. ఆ రక్షణ ఉందన్న సంగతి హాస్టల్ గదిలో కూర్చున్న ఇరవై ఏళ్ల పిల్లకు ఎవరు చెప్పారు?

గట్టిగా మాట్లాడినవాళ్లకు ఏం జరుగుతుందో మిగతావాళ్లు చూస్తూనే ఉంటారు. 2023 అక్టోబర్లో హైదరాబాద్ ఇఫ్లూలో, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో, ఒక విద్యార్థిని మీద లైంగిక దాడి జరిగిందన్న ఆరోపణ మీద తోటి విద్యార్థులు ఆందోళనకు దిగితే, ఆ ఆందోళన చేసినవాళ్లలో కొందరి మీద కేసులు నమోదయ్యాయి. ఒక బ్యాచ్‌కి ఆ ఒక్క పాఠం చాలు, మూడు బ్యాచ్‌లు గుర్తుంచుకుంటాయి.

అమ్మాయిల లెక్క ఇంకోలా ఉంటుంది. వాళ్లు ఊరుకోరు, చాటుగా చేస్తారు. ‘ఆ సారు రూమ్‌కి ఒంటరిగా వెళ్లకు, ప్రాజెక్ట్ సంతకానికి ఇద్దరు కలిసి వెళ్లండి’ అని సీనియర్ అక్కలు జూనియర్లకు చెప్పే మాట ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉంటుంది. ఆ మాట చాలామందిని కాపాడింది. ఆ సారును కూడా కాపాడింది, రిటైర్‌మెంట్ దాకా. మరి అక్కలు పైకి ఎందుకు చెప్పరంటే, చెప్తే మొదట వచ్చేది విచారణ కాదు, హాస్టల్ గేటు ఏడు గంటలకు బదులు ఆరుకే మూసేయాలన్న సర్క్యులర్. ఒకరు నోరు తెరిస్తే ఐదొందల మందికి శిక్ష. అప్పుడు తోటి అమ్మాయిలే ‘నీవల్లే’ అంటారు. క్యాంపస్‌లలో ఆడపిల్లల భద్రత మీద 2013లో యూజీసీ వేసిన సక్షమ్ బృందం కూడా భద్రత పేరుతో ఆడపిల్లల కదలికలు కట్టడి చేయొద్దనే చెప్పింది. ఆ గేటు టైమింగ్ మారకుండా ఉంచితే చాలు, సగం నోళ్లు తెరుచుకుంటాయని నా నమ్మకం.

ఇక తోటి అధ్యాపకులు. స్టాఫ్ రూమ్‌లో ‘ఆయన కొంచెం రసికుడండీ’ అని నవ్వి ఊరుకునే మాస్టార్లు, మేడమ్‌లు కూడా పక్కనున్నవాళ్లే. పిల్లల దగ్గర ధైర్యం ఆశించేముందు పర్మనెంట్ ఉద్యోగం, పెన్షన్ ఉన్నవాళ్లను అడగొచ్చు కదా. పరిశోధక విద్యార్థిని గైడ్ మీద నోరెత్తితే ఐదేళ్ల పని పోతుంది. పక్క గదిలోని ప్రొఫెసర్ నోరెత్తితే పోయేది సాయంత్రం కాఫీకి పిలుపు. ఐసీసీ విచారణ నడుస్తుంటే ఆ గైడ్ ఆమె పేపర్లు దిద్దకుండా తప్పించే వీలు నిబంధనల్లో ఉంది. ఆ వీలుందని విద్యార్థినికి చెప్పి, కాగితం రాయించి, వెంట వెళ్లే మేడమ్ ఒక్కరు డిపార్ట్‌మెంట్‌కి ఉంటే, వంద ఫ్లెక్సీల పెట్టు.

బాబాయ్ గురించి ఇంకో సంగతి ఉంది. ఆ తర్వాతి సెమిస్టర్ మేం తిరిగి వచ్చేసరికి క్యాంటీన్లో కొత్తవాళ్లున్నారు. కాంట్రాక్టు మారిందని ఒకరన్నారు. ఆ సీనియర్లలో ఒకడి నాన్న మేనేజ్‌మెంట్‌కి కావలసినవాడని ఇంకొకరన్నారు. ఏది నిజమో కనుక్కోవడం పెద్ద పనేం కాదు, ఆఫీసులో ఒక మాట అడిగితే సరిపోయేది. కొత్తాయన టీ బాగానే పెట్టేవాడు. నలభై మందిలో ఎవరమూ అడగలేదు.